మొటిమలతో సహా హాజరు కావలెను

దేవుడు మనిషికి ఒక్క ముఖమే ఇస్తాడనీ, పుట్టినప్పుడు తెచ్చుకున్నదాన్నే పోయేదాకా వాడుకోవాలనీ మా ఇంట్లో చాలాకాలం అనుకున్నాం. అందులో కొంత పొరపాటు ఉందని మా ఊరి పురపాలక సంఘం వారి దయవల్ల తెలిసింది.

మాది గోదావరి పక్కన చిన్న పట్నం. నాకు బజారులో పూజాసామాన్ల కొట్టు ఉంది. నా భార్య ఇందుమతి పురపాలక సంఘం ఆఫీసులో మంచినీళ్ళ సెక్షన్ గుమాస్తా. కొత్త కుళాయి కావాలన్నా, పాత కుళాయి రావడం లేదన్నా జనం ఆవిడ బల్ల దగ్గరికే వస్తారు. పెళ్ళికి ముందు నుంచీ చేస్తున్న ఉద్యోగం. నాకు నా కొట్టు ఎలాగో ఆవిడకి ఆ బల్ల అలాగ.

ముప్పై అయిదు దాటాక ఆవిడకి మొటిమలు మొదలయ్యాయి. చిన్నవయసులో ఒక్కటి కూడా రాలేదట. ఇప్పుడు గడ్డం మీదా దవడల మీదా ఎర్రగా, గట్టిగా, ముట్టుకుంటే నొప్పిగా వచ్చేవి. దానికి తోడు చర్మం మరీ సుకుమారం. కొత్త సబ్బు పడదు, ఎండ పడదు, పసుపు అసలే పడదు. శుక్రవారం పూట ముఖానికి పసుపు రాసుకోకుండా అమ్మవారి ముందు కూర్చోవడం ఆవిడకి మొదట్లో కష్టంగా ఉండేది. అమ్మవారు ఏమైనా అనుకుంటుందేమోనని నేనూ కొంత ఆలోచించాను. ఎవరి చర్మం ఎలాంటిదో ఇచ్చినావిడకి తెలియకుండా ఉంటుందా అనిపించి ఊరుకున్నాను.

తెలియనిది ఆఫీసువాళ్ళకి.

"ఈ వయసులో మొటిమలేంటి ఇందుమతీ, మళ్ళీ పెళ్ళిచూపులేమైనా ఉన్నాయా?" అనేది పక్క బల్ల సత్యవేణి. అని ఊరుకోకుండా పెరుగులో శనగపిండి కలిపి రాయమనేది. పన్నుల సెక్షన్లో ఒకాయన పళ్ళు తోముకునే పేస్టు రాయమన్నాడు. మేనేజరు భానోజీరావు గారు ఇది కేవలం వేడి అనీ, సబ్జా గింజలు నానబెట్టి తాగితే చాలనీ తేల్చారు. అటెండరు నూకరాజు కూడా వెనకబడలేదు.

"మా ఆడదానికి వేపాకు, నిమ్మరసం కలిపి నూరి పట్టించానండి. మొటిమలు మొత్తం పోయాయండి. ఆటితోపాటు తోలు కూడా కొంచెం పోయిందనుకోండి, ఆయ్."

ఇందుమతి మొహమాటస్తురాలు. ఎవరు చెప్పింది రాసుకోకపోతే వాళ్ళు నొచ్చుకుంటారని అన్నీ రాసుకుంది. మొటిమలు కూడా ఎవరినీ నొప్పించడం ఇష్టంలేనట్టు ప్రతి వైద్యానికీ నాలుగు చొప్పున పెరిగాయి.

ఇలా ఉండగా మా చెల్లెలి కూతురి పెళ్ళి వచ్చింది. పెళ్ళికూతురికి నలుగు పెట్టాక మిగిలిన పసుపూ సున్నిపిండీ వదినల ముఖాలకి పులమడం మావాళ్ళ సరదా. "నాకు పడదర్రా, వదలండర్రా" అని ఈవిడ మొత్తుకుంటూనే ఉంది. ముగ్గురు పట్టుకుని ఒకరు రాశారు. తెల్లారేసరికి ముఖం ఉడికించిన టమాటాలా వాచిపోయింది. ఉన్న మొటిమలకి తోడు కొత్తవి లేచాయి.

సరిగ్గా ఆ రోజే ఆఫీసులో ముఖహాజరు యంత్రానికి ప్రారంభోత్సవం. దానికి 'వదన దర్పణం' అని పేరు పెట్టారు. గోడకి తగిలించి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. హాజరు పుస్తకాలను గుడ్డలో మూటగట్టి సామాన్లగదిలో పడేశారు. పూజకి కర్పూరం, కుంకుమ మా కొట్టులోంచే వెళ్ళాయి. నూకరాజు భక్తిగా యంత్రానికి సరిగ్గా మధ్యలో, ఉన్న ఒక్క కన్ను మీద, కుంకుమబొట్టు పెట్టాడు. అందువల్ల మొదటి గంటలో ఎవరి ముఖమూ దానికి కనబడలేదు. కమిషనరు పరాంకుశం గారి ముఖం కూడా కనబడలేదు. చివరికి బొట్టు తుడిచారు.

"సంతకం అబద్ధమాడవచ్చు, ముఖం అబద్ధమాడదు. నేటినుండి ఎవరి ముఖానికి వారే బాధ్యులు" అని పరాంకుశం గారు ఉపన్యసించారు.

ఇందుమతి మేనేజరు గారి దగ్గరికి వెళ్ళి, "సార్, ముఖం వాచి ఉందండి. వారం ఆగి తీయించుకుంటాను" అని అడిగింది.

"ఇందుమతి గారూ, ముఖము యొక్క నాణ్యత ప్రస్తుతం పరిశీలనాంశం కాదు. ముఖము ఉన్నదా, లేదా అన్నంతవరకే మన పరిధి. ఉన్నది కాబట్టి నిలబడండి" అన్నారు భానోజీరావు గారు.

నిలబడింది. ఆ వాపు, ఆ ఎరుపు, ఆ మొటిమలు, అన్నీ కలిపి ఇందుమతి అని యంత్రం రాసుకుంది.

ఇక లాభం లేదని నేనే ఆవిడని చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళాను. ఇంతవరకూ ఏమేం రాశారని ఆవిడ అడిగితే ఇందుమతి చెప్పడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ కొంతసేపు విని, "ఇవన్నీ ముఖానికేనా అమ్మా, వంటకి కాదు కదా?" అంది.

తరవాత నెమ్మదిగా చెప్పింది. ఇది వేడీ కాదు, పాపమూ కాదు. ఒంట్లో హార్మోన్ల మార్పు వల్ల ఈ వయసు ఆడవాళ్ళలో చాలామందికి వస్తుంది. రాసినవన్నీ మానెయ్యాలి. మంటపెట్టని సబ్బుతో కడుక్కుని, చర్మం తడి ఆరకుండా ఉంచే మామూలు క్రీము, పడుకునేముందు శనగగింజంత మందు, బయటికి వెళ్తే ఎండకి ఒక క్రీము. గిల్లకూడదు. తొందరపడకూడదు, నెలలు పడుతుంది.

"ఇంకోటి. ఎవరైనా సలహా చెప్తే వినండి. రాసుకోకండి" అంది.

నెలలే పట్టింది. ముందు మంట తగ్గింది, తరవాత వాపు, ఆఖరికి మొటిమలు. ఒకరోజు పొద్దున్న దీపం పెట్టి ఇటు తిరిగితే ఆ వెలుగులో ఆవిడ ముఖం నున్నగా కనబడింది. నేను దేవుడికి ఇంకో ఒత్తి వేశాను.

ఇంట్లో ఇంత ఆనందంగా ఉంటే యంత్రానికి దిగులు పట్టుకుంది. ఒక్కో మొటిమ తగ్గినకొద్దీ అది ఈవిడని చూసి ఆలోచించే సమయం పెరుగుతూ వచ్చింది. ముందు వెంటనే "ఇందుమతి, హాజరు" అనేది. తరవాత కాసేపు తటపటాయించి అనేది. ముఖం పూర్తిగా బాగైన వారంలో ఒకనాడు తటపటాయించడం కూడా మానేసి, "మీరెవరో తెలియడం లేదు. దయచేసి మీ ముఖంతో రండి" అంది.

ఇందుమతి మేనేజరు గారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆవిడని పరిశీలనగా చూశారు.

"వ్యక్తిగా నేను మిమ్మల్ని ఎరుగుదును. మేనేజరుగా ఎరగను."

"అదేంటి సార్, పొద్దున్న కాఫీ తాగుతూ మాట్లాడుకున్నాం కదా!"

"కాఫీ వ్యక్తిగా తాగాను. హాజరు మేనేజరుగా వేయాలి."

"పోనీ మళ్ళీ ఫొటో తీయించండి సార్."

ఆయన ఆవిడని కమిషనరు గారి గదికి తీసుకువెళ్ళారు. భానోజీరావు గారికి వ్యక్తిగతం, అధికారికం అని రెండు ఉండేవి. పరాంకుశం గారికి వ్యక్తిగతం అనేది లేదు. పూర్తిగా అధికారికం.

"ముఖం మార్చుకొనుటకు అవకాశం లేకపోలేదు" అన్నారు ఆయన. "సదరు ఉద్యోగి పాత ముఖంతో యంత్రం ముందు హాజరై, యంత్రం గుర్తించిన పిమ్మట, పాత ముఖాన్ని సరెండర్ చేసి కొత్త ముఖాన్ని నమోదు చేసుకోవచ్చును. లేకపోతే దారినపోయేవారంతా వచ్చి మేమే ఇందుమతి అనరూ?"

"పాత ముఖం లేదండి. నయమైపోయింది."

"ఎవరి అనుమతితో నయం చేయించారు?"

ఇందుమతి డాక్టరమ్మ చీటీ తీసి చూపించింది.

"శాఖవద్ద నమోదైన ముఖాన్ని ముందస్తు సమాచారం లేకుండా బాగుచేయించుకోవడం పొరపాటు. సరే, జరిగింది జరిగింది. ఒక్కరోజుకి మొటిమలతో సహా హాజరుకండి. సానుభూతితో పరిశీలిస్తాం. అంతవరకూ గైర్హాజరే. గైర్హాజరు హద్దు దాటితే పోస్టు ఖాళీ అయినట్టు ప్రకటించవలసి వస్తుంది."

ఆవిడ అర్జీ రాసి ఇచ్చింది. దానిమీద 'పెండింగ్' అని ముద్ర వేశారు.

ఆఫీసులో అందరూ జాలిపడ్డారు. సత్యవేణి తన లిప్‌స్టిక్‌తో ఈవిడ గడ్డం మీద చుక్కలు పెట్టి చూసింది. "దయచేసి అలంకరణ తొలగించండి" అంది యంత్రం. దాంతో సత్యవేణికి ఉపాయం తట్టింది.

"పెరుగులో శనగపిండి కలిపి రాయవే."

"అది తగ్గడానికి చెప్పావు కదా అప్పుడు?"

"అప్పుడు తగ్గడానికి చెప్పాను. ఇప్పుడు రావడానికి చెప్తున్నాను. ఏదైతేనేం, మందు మంచిదేగా!"

పేస్టు ఆయన పేస్టే చెప్పాడు. భానోజీరావు గారు సబ్జా మాని ఆవకాయ, బజ్జీలు తినమన్నారు. నూకరాజు వేపాకు నూరి డబ్బాలో పెట్టి తెచ్చాడు. నిన్నటిదాకా ఆవిడ ముఖం బాగుపడాలని కోరుకున్నవాళ్ళందరూ అవే మందులతో, అంతే ఆదరంతో, దాన్ని పాడుచేయడానికి పూనుకున్నారు. వాళ్ళ మంచితనాన్ని నేను ఇప్పటికీ శంకించను. మందుల్నే కొంచెం.

ఆ సాయంత్రం ఆ డబ్బా ముందు పెట్టుకుని ఇందుమతి చాలాసేపు కూర్చుంది.

"ఏవండీ, ఒక్కరోజే కదా. రాసేసుకోనా? మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం."

"నీ ఇష్టం ఇందూ. నేను రాయమనను, వద్దననూ."

ఆవిడ డబ్బా మూత తీసింది. వాసన చూసి మళ్ళీ పెట్టేసింది.

"దిండు తగిలితే ఏడుపొచ్చేదండి. ఆ మంట వాళ్ళెవరికీ తెలియదు. ఉద్యోగం నాది, ముఖం కూడా నాదే. రెండూ కావాలి నాకు."

అడిగింది పెద్ద కోరికలా నాకు అనిపించలేదు. అయినా ఆఫీసు లెక్కలు మనకి తెలియవు.

ఈలోగా మంచినీళ్ళ సెక్షన్ ఆగిపోయింది. కుళాయిల అర్జీలు గుట్టపడ్డాయి. ఒక పేటవాళ్ళు ఖాళీ బిందెలు తెచ్చి వరండాలో కూర్చున్నారు. గైర్హాజరైన ఇందుమతి స్థానంలో వెంటనే ఒక తాత్కాలిక ఉద్యోగిని కావాలన్నారు కమిషనరు గారు. పని తెలిసినవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారని భానోజీరావు గారు వెతికితే ఒక్కరే తేలారు. ఆవిడ అప్పటికే ఆఫీసు మెట్లమీద కూర్చుని ఉంది.

"ఇందుమతి పేరు ఇప్పటికే ఒకరికి ఉంది కాబట్టి మీకు మరో పేరు కావాలి" అన్నారు ఆయన. "ఇంట్లో ఏమని పిలిచేవారు?"

"పుట్టింట్లో బుజ్జమ్మ అనేవారండి."

"శ్రీమతి బుజ్జమ్మ. బాగుంది. నిలబడండి."

యంత్రం ఆవిడ నున్నని ముఖాన్ని ఒక్క చూపులో పట్టుకుని, "బుజ్జమ్మ, స్వాగతం" అంది. అంత ఆప్యాయంగా అది ఇందుమతిని ఎన్నడూ పలకరించలేదు.

ఆ విధంగా మా ఆవిడ తన బల్ల దగ్గరే, తన కుర్చీలోనే, తన బదులు పనిచేయడం మొదలుపెట్టింది. గుట్ట కరిగింది. బిందెలవాళ్ళు నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు. ఇందుమతికి మాత్రం గైర్హాజరు నోటీసులు వెళ్తూనే ఉన్నాయి. వాటిని టైపు చేసేది బుజ్జమ్మ. కవరులో పెట్టి చిరునామా రాసేదీ బుజ్జమ్మే.

"నన్ను నేను ఎంత గట్టిగా మందలించానో చూడండి" అని ఒకరోజు నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

నూకరాజు ఆ కవరు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. ఆఫీసువేళల్లో వచ్చేవాడు కాబట్టి తాళం ఉండేది. ఆవిడ ఆఫీసులో, నేను కొట్టులో. 'ఇందుమతి ఆఫీసుకు రాదు, ఇంట్లోనూ ఉండదు' అని అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఇందుమతి పరారీలో ఉందని ఆఫీసు నిర్ధారించింది.

స్వాతంత్ర్య దినోత్సవం నాడు ఉత్తమ ఉద్యోగినిగా బుజ్జమ్మని ఎంపికచేశారు. నేనూ వెళ్ళాను. ముందువరసలో కూర్చోబెట్టారు. పరాంకుశం గారు శాలువా కప్పి మైకు అందుకున్నారు.

"ఈ బుజ్జమ్మను చూడండి. రావడంలో క్రమశిక్షణ, పనిలో నైపుణ్యం, ముఖంలో ప్రశాంతత! జీతం అందుకుంటూ పారిపోయే ఇందుమతి వంటివారు ఈమె పాదధూళి తలదాల్చినా సరిపోదు!"

చప్పట్లు మోగాయి. భానోజీరావు గారు కూడా కొట్టారు, మేనేజరుగా. ఇందుమతి శాలువా అంచు పట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడింది. పొగడ్తా తిట్టూ ఒకే మనిషికి ఒకేసారి అందడం నేను చూడటం అదే మొదటిసారి. దేనికి దణ్ణం పెట్టాలో తెలియక ఆవిడ రెండిటికీ కలిపి ఒక్కసారే పెట్టింది.

ఆఖరి నోటీసును స్వయంగా చేతికి అందించి, అందించినట్టు యంత్రంతో కలిపిన ఆఫీసు ఫోనులో ముఖం ఫొటో తీసుకురమ్మని నూకరాజుకి ఆదేశం వచ్చింది. పాపం ఆదివారం పొద్దున్న వచ్చాడు. ఇందుమతి వాకిట్లో ముగ్గు వేస్తోంది. అతను చెప్పులు విడిచి సందేహంగా నిలబడ్డాడు.

"అమ్మగోరూ, ఆదివారం పూట మీరెవరండి?"

"ఆదివారం ఇందుమతినే నూకరాజూ. ఇలా ఇయ్యి."

అతను సంతోషించి, కవరు ఇచ్చి, ఫొటో తీశాడు. ఫోను ఆ ముఖాన్ని చూసి, 'బుజ్జమ్మ' అంది. నూకరాజు ఫోనుకేసి, ఆవిడకేసి, లోపలి నుంచి ధోవతితో వచ్చిన నాకేసి చూశాడు.

"ఇది మీకు చెడ్డపేరు తెస్తాదండి బాబూ" అని నాతో మెల్లగా అని వెళ్ళిపోయాడు.

తెచ్చింది. నాలుగు రోజుల్లో నన్ను విచారణకి పిలిచారు. ఇందుమతి పోస్టు ఖాళీ అయినట్టు ప్రకటించేదీ ఆ రోజే. కమిషనరు గారి గదిలో ఆయన, మేనేజరు గారు కూర్చున్నారు. ఒక పక్కన స్టూలుమీద, విచారణ రాసుకోవడానికి కాగితాలు పట్టుకుని, బుజ్జమ్మ. ఆ ఆఫీసులో తప్పుల్లేకుండా రాసేది ఆవిడే మరి. రాత్రి ఆవిడ నిద్రపోలేదని నాకు తెలుసు.

పరాంకుశం గారు నా నుదుటి బొట్టుకేసి చూశారు.

"నాగలింగం గారూ, మీరు దేవుడి సామాన్లు అమ్ముతారు. మీవంటి వారు ఇలా చేయవచ్చునా?"

"ఏం చేశానండీ?"

"ధర్మపత్ని అదృశ్యమైంది. వెదికే ప్రయత్నమైనా చేయలేదు. పైపెచ్చు మా తాత్కాలిక ఉద్యోగినిని ఇంట్లో ఉంచుకున్నారు. ఆదివారం నాడు ముగ్గు సైతం వేయిస్తున్నారు!"

"అయ్యా, ఆవిడ మెళ్ళో తాళి నేను కట్టిందేనండి."

"రాసుకో బుజ్జమ్మా. నేరం అంగీకరించాడు."

బుజ్జమ్మ తల వంచుకుని రాసుకుంది. నాకు మాటలు నేర్పుగా రావు. మనసులో ఉన్నదే అడిగాను.

"అయ్యా, పెళ్ళిలో మాకు అరుంధతిని చూపించారండి. మబ్బుపట్టి ఉంది, ఏమీ కనబడలేదు. కనబడిందన్నాం, అందరూ నమ్మారు. ఇక్కడ ఈవిడ ఎదురుగా స్టూలుమీద కూర్చుని ఉంది. కనబడటం లేదంటున్నారు. ఇదెలాగండీ?"

"అది నమ్మకం. ఇది టెక్నాలజీ" అన్నారు ఆయన, నామీద జాలితో. తరవాత గంట కొట్టారు. "నూకరాజూ, నిబంధన ప్రకారం ఇందుమతిని ముమ్మారు పిలువు."

నూకరాజు వరండాలోకి వెళ్ళి, "ఇందుమతిగోరండోయ్!" అని కేక పెట్టాడు. లోపల మా ఆవిడ లేచి నిలబడింది.

"ఉన్నానండి."

"కూర్చో బుజ్జమ్మా, పిలిచింది నిన్ను కాదు."

రెండోసారి పిలిచాడు. మళ్ళీ లేచింది. మళ్ళీ కూర్చోమన్నారు. మూడోసారి కేకకి ఆవిడ లేవలేదు. లేవడానికి ఓపిక లేనట్టుంది. "పలికినవారు లేరు" అని పరాంకుశం గారు చెప్పగా ఆవిడే రాసింది. ఇన్నేళ్ళ ఉద్యోగం ఆ రెండు మాటల్లో పోతోందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

"ఇక రెండు నిర్ణయాలు. ఒకటి, ఇందుమతి పోస్టు ఖాళీ. రెండు, పరాయి సంసారంలో ప్రవేశించిన కారణంగా బుజ్జమ్మ తొలగింపు. ఉత్తమ ఉద్యోగినివని నాకు బాధగానే ఉంది, కాని నడవడి ముఖ్యం. ముందు బుజ్జమ్మ సంగతి కానివ్వండి. వెళ్ళి ముఖం సరెండర్ చేయమ్మా."

అందరం యంత్రం దగ్గరికి నడిచాం. ఆవిడ నిలబడింది. భానోజీరావు గారు ఏదో మీట నొక్కారు. "బుజ్జమ్మ ముఖం స్వాధీనమైనది. సెలవు" అంది యంత్రం.

వచ్చి మళ్ళీ గదిలో నిలబడ్డాం. ఇప్పుడు ఆవిడ బుజ్జమ్మా కాదు, ఇందుమతీ కాదు. కూర్చోమనడానికి ఏ పేరుతో పిలవాలో తెలియక ఎవరూ కూర్చోమనలేదు. పరాంకుశం గారు పోస్టు ఖాళీ కాగితం ముందుకు లాక్కుని కలం మూత తీశారు. భానోజీరావు గారు మాత్రం ఇబ్బందిగా కదిలారు.

"సార్, ఒక చిక్కు. స్వాధీనపరచుకున్న ముఖం ఆఫీసు ఆస్తి. వినియోగం లేకుండా ఉంచితే ఆడిట్‌వారు అభ్యంతరం చెబుతారు."

ఆ మాట విని మా ఆవిడ తల ఎత్తింది.

"సార్, ఇందుమతి అర్జీ ఒకటి మీ దగ్గర పెండింగులో ఉంది కదా, కొత్త ముఖం కావాలని?"

"ఉంది. పాత ముఖం లేనిదే మార్చడానికి వీల్లేదు" అన్నారు పరాంకుశం గారు.

"మార్చొద్దండి. ఇప్పుడు ఒక ముఖం ఖాళీగా ఉంది. ఆవిడకి ఇప్పించండి."

భానోజీరావు గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. ఆయన కళ్ళు మెరిశాయి.

"సార్! మార్పు నిషిద్ధం. కేటాయింపు నిషిద్ధం కాదు. ఖాళీగా ఉన్న ఆఫీసు ఆస్తిని అవసరమైన సిబ్బందికి కేటాయించే అధికారం తమకే ఉంది."

తన అధికారం అనేసరికి పరాంకుశం గారు కలం కిందపెట్టారు.

"దీనివల్ల ఆడిట్ బాధ తప్పుతుంది. ఇల్లు విడిచిన ఇందుమతి విధుల్లోకి వస్తుంది. ఈయన సంసారమూ దారిలో పడుతుంది. మానవతా దృక్పథంతో మంజూరు."

మళ్ళీ యంత్రం దగ్గరికి వెళ్ళాం. భానోజీరావు గారు మీటలు నొక్కారు. ఆవిడ కళ్ళు మూసుకుని, ఏ దేవుణ్ణి తలుచుకుందో గాని, తెరిచింది.

"ఇందుమతి, హాజరు" అంది యంత్రం.

పరాంకుశం గారు ఆవిడ ముఖాన్ని మొట్టమొదటిసారి దగ్గరగా చూశారు. ఎంతో అపురూపమైన వస్తువును తగనివారి చేతికి ఇస్తున్నట్టు ఆయన గొంతు కఠినమైంది.

"మంచి ముఖం. బుజ్జమ్మది. ఆమె ఎంతో శ్రద్ధగా చూసుకుంది. నీలాగా నిర్లక్ష్యం చేసి మొటిమలు రానివ్వకు. ఒకవేళ రాదలచుకుంటే ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి."

"అలాగేనండి."

రసీదు రాశారు: 'ఒక ముఖం, మంచి స్థితిలో, ముట్టినది.' ఇందుమతి తన పేరుతో సంతకం పెట్టింది. ఎన్నాళ్ళయిందో ఆ సంతకం పెట్టి; అక్షరాలు కొంచెం వంకర పోయాయి.

"సాక్షి కావాలి" అన్నారు భానోజీరావు గారు, నా చేతికి కలం ఇస్తూ. "భర్తగా మీరు చెప్పండి. ఈ ముఖంతో మీకు ఇదివరకు ఏమైనా పరిచయం ఉందా?"

ఉందంటే బుజ్జమ్మ కేసు మళ్ళీ తెరుస్తారు. లేదంటే అబద్ధం. దేవుడి సామాన్లు అమ్ముకునేవాణ్ణి, చేతులారా అబద్ధానికి సంతకం పెట్టడం ఎలాగని ఇందుమతికేసి చూశాను. కిటికీ వెలుగు ఆవిడ చెంపమీద పడుతోంది. గడ్డం కింద పాత మచ్చ ఒకటి లేతగా ఉంది.

"లేదండి" అన్నాను. "ఇప్పుడే చూడటం. బాగుంది."

ఇందుమతి నవ్వు ఆపుకోలేక రెండు చేతుల్లోనూ ముఖం దాచుకుంది.

"చేతులు తియ్యమ్మా!" అని కేకవేశారు కమిషనరు గారు. "ఆఫీసు ఆస్తి!"